నల్లని ఆకాశం

1927 ఏప్రిల్ 10న, కాలిఫోర్నియాలోని యోసెమిటీలో మంచులో కాళ్లీడ్చుకుంటూ ఎక్కి, పాతికేళ్ల ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ కొండ ఎదుటికి చేరాడు. మోసుకెళ్లిన గాజు ప్లేట్లలో రెండే మిగిలాయి. లెన్సుకు పసుపు ఫిల్టరు తగిలించి ఒకటి ఖర్చు చేశాడు. తీసీ తీయగానే అనుమానం. ఆ నిట్టనిలువు రాతిగోడ ముందు తనకు కలిగిన గగుర్పాటు ఈ ప్లేటులోకి రాదు. చివరిదానికి ముదురు ఎరుపు ఫిల్టరు మార్చాడు. ఎర్ర గాజు నీలి వెలుగును రానివ్వదు కాబట్టి ప్రింటులో ఆకాశం దాదాపు నల్లబడింది. కొండ ఒంటరిగా నిలిచింది.

ఆ వేళ ఆకాశం అంత నల్లగా లేదు కదా, ఇది మోసం కాదా అని అడగొచ్చు. కానీ నలుపు తెలుపు ఫొటోలో రంగులన్నీ తీసేశాక ఏది ఎంత బూడిదరంగులో మిగలాలో ఎలాగూ ఎవరో ఒకరు తేల్చాల్సిందే. ఆ పని ఆడమ్స్ ఫిల్ముకు వదిలెయ్యలేదు, అంతే. షట్టరు నొక్కకముందే ప్రింటును మనసులో చూసుకోవాలన్నాడు.

1940 ప్రాంతంలో తోటి ఫొటోగ్రాఫర్ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆ చూపునే లెక్కగా మార్చాడు. అదే జోన్ సిస్టమ్. కటిక నలుపు సున్నా, కాగితపు తెలుపు పది. మెట్టు మెట్టుకూ వెలుగు రెట్టింపు. నీడల్లో వివరం దక్కేలా ఎక్స్‌పోజరు, వెలుగులు మాడిపోకుండా డెవలపింగు. వినడానికి ఎక్కాల పుస్తకంలా ఉంటుంది గానీ, ఆయన మొదట పియానో సాధన చేసినవాడు. మెట్ల మీద వేళ్లు నడపడం అలవాటే.

1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర ఆ లెక్కే ఆదుకుంది. పొద్దు వాలుతోంది, శ్మశానంలో తెల్లని శిలువలు మెరుస్తున్నాయి, పైన చంద్రుడు. లైట్ మీటరు ఎంత వెతికినా దొరకలేదు. చంద్రబింబం వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని గుర్తుంది. దాన్ని ఏడో మెట్టున నిలిపి ఎక్స్‌పోజరు కట్టేశాడు. రెండో ఫిల్ము సిద్ధం చేసేలోపు శిలువల మీది ఎండ పోయింది. ఇంత పక్కా లెక్కల మనిషి తారీఖు మాత్రం రాసుకోలేదు! చంద్రుడి స్థానాన్ని బట్టి అది నవంబరు 1 అని ఖగోళం తెలిసినవాళ్లు చాలా ఏళ్లకు తేల్చాల్సి వచ్చింది.

నెగటివ్ స్వరలిపి, ప్రింటు కచేరీ అన్నది ఆయన భావన. హెర్నాండెజ్ దగ్గర తీసిన ఆ ఒక్క నెగటివ్ నుంచే వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు. చీకటిగదిలో అట్టముక్కతో ఒకచోట వెలుగును అడ్డుకుంటూ, ఇంకోచోట మరికాసేపు తగలనిస్తూ. తొలినాటి ప్రింట్లలో చంద్రుడి పైన పల్చటి మబ్బుచారలు కనిపిస్తాయి. ముసలితనంలో తీసినవాటిలో అక్కడ ఉన్నది నలుపే.