బోదె యెవరిది?

అరటిచెట్టు ఒక్కమారే గెలవేయును. గెల కోసినపిదప కోనసీమ రైతు బోదెను కూలి యిచ్చి నరికించి గట్టున పారవేయించుచున్నాడు. ఆ బోదెలోని నార దారమగును, చాపయగును, సంచియగును, కాగితమగును. మిగిలిన తుక్కు ఎరువై తోటకే చేరును.

ఇట్టి సంపద యెవరి చేతికి పోవలెననునదియే ప్రశ్న. పరప్రభుత్వమున మన ప్రత్తి చౌకగా లాంకషైరునకేగి, బట్టయై మరలివచ్చి, మన నేతగాని మగ్గమును ఆపివేసెను. 1934లో మహాత్ముడు స్థాపింపగా కుమారప్పగారు నడిపిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము, ముడిసరుకు పుట్టిన యూరనే వస్తువు తయారు కావలెనని బోధించెను. కావున నారతీయు యంత్రము గ్రామసహకారసంఘముది కావలెను. బోదె వెల రైతునకును, నేతకూలి గ్రామస్త్రీలకును ముట్టవలెను.

పూవులతో గూడిన నారయు తలకెక్కునందురు. నార తీసిన చేయి మాత్రము మట్టిలోనే యుండుట న్యాయమా?