ఉచితానికి వెల

సాయంకాలం ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ముందు కూర్చున్న విద్యార్థులను చూడండి. ప్రతి చేతిలోనూ ఒక ఫోను. అందులో నిఘంటువు, పాఠం, పటం, ఉత్తరం అన్నీ ఉచితం. పుస్తకం కొనలేని బిడ్డకు ఇది చిన్న వరం కాదు. ఈ ఖర్చును ప్రకటనలు భరిస్తున్నాయి. "దినపత్రిక మాత్రం ప్రకటనల బలంతోనే కదా చౌకగా లభిస్తున్నది! ఇందులో తప్పేమున్నది?" అని కొందరు మిత్రుల వాదన.

ఈ వాదనను మేము సగమే అంగీకరిస్తాం. పత్రికలోని ప్రకటనను మనం చదువుతాం. ఫోనులోని ప్రకటన మనలను చదువుతుంది. ఏమి వెదికామో, ఎక్కడ తిరిగామో, దేనికై ఆరాటపడుతున్నామో గుర్తుపెట్టుకొని మరీ ఎదుట నిలుస్తుంది. ఫీజు గడువు ముంచుకొచ్చి అప్పు కోసం వెదికిన విద్యార్థికి అప్పుల ప్రకటనలే వరుసగా కనిపిస్తే, దానిని సేవ అనాలా, వల అనాలా?

2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు తక్షణ రుణాల యాప్‌లపై కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. అప్పు తీసుకున్నవారి ఫోనులోని బంధుమిత్రుల నంబర్లు సంగ్రహించి, వారి ఎదుట పరువు తీయడం ఆ వ్యాపారుల పద్ధతి. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. ప్రకటనదారులందరూ అట్టివారు కారు. అయినా మన వివరాలు చేరరాని చేతికి చేరితే ఏమవుతుందో ఆ ఉదంతం చాటుతున్నది.

విశ్వవిద్యాలయం దాటి తార్నాకాకు వెళ్లే మనం ఆ పేరు చివరి మాటను ఒకసారి తలచుకోవాలి. ఉర్దూలో నాకా అంటే తనిఖీ ద్వారం, సుంకం వసూలు చేసే చోటు. సుంకపు ద్వారం వద్ద ఎంత చెల్లించాలో పలకపై రాసి ఉంటుంది. ఫోనులోని నాకాకు అట్టి పలక లేదు; సుంకం మాత్రం పోతూనే ఉన్నది. ప్రకటన చూడడం న్యాయమైన వెలే. కాని ఎంతో తెలియని వెల చెల్లించే బేరం న్యాయమైన బేరం కాదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మన వివరాలకై సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా చదువుకొనే వీలుండాలని 2023 నాటి చట్టం నిర్దేశించింది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ జాబితాలోనివే. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. అమలు దశలవారీగా సాగుతుంది.

అంతవరకు చేతులు కట్టుకొని కూర్చోవడం తగదు. ఆ నోటీసులను రెండు భాషలలోనూ చదివి వివరించేందుకు వారానికి ఒక గంట కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. విద్యార్థులారా! 'అంగీకరిస్తున్నాను' అన్న మాటపై వేలు పెట్టే ముందు, దేనికి అంగీకరిస్తున్నామో చదవండి. సంతకానికి ఉన్న విలువే ఆ వేలికీ ఉన్నది.