ఇసుకలో ఒక ఊరు

చెరువు అడుగున గాని, సరస్సు అడుగున గాని ఇసుక తప్ప మరేమీ కనిపించకపోతే ‘ఇక్కడ ఏమీ లేదు’ అనుకొనడం మనకు అలవాటు. బీడు, పర్ర, చవిటినేల - ఇలా తరచి చూడకుండానే ‘ఖాళీ’ అని మనం ముద్ర వేసిన తావులు ఎన్నో. ఆ మాట ఎంత తొందరపాటుదో తూర్పు ఆఫ్రికాలోని టాంగనీకా సరస్సులో నివసించే ఒక చిరుచేప తెలుపుతున్నది.

టాంగనీకా సుమారు 670 కిలోమీటర్ల పొడవు, 1,470 మీటర్ల లోతు గల మహాజలాశయం. బురుండి, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, టాంజానియా, జాంబియా దీనిని పంచుకొంటున్నాయి. ఇందులో సిక్లిడ్ కుటుంబపు చేపలు రెండు వందల జాతులకు పైగా ఉన్నాయి; వాటిలో దాదాపు అన్నీ మరెక్కడా కానరానివే. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా ఈ కుటుంబానిదే. అయితే మనం చెప్పుకొనే చేప తిలాపియా వలె పళ్లెంలోకి వచ్చేది కాదు. పేరు మాత్రం పెద్దది - నియోలాంప్రొలోగస్ మల్టీఫాసియాటస్. పెద్ద మగచేప సైతం సుమారు ఐదు సెంటీమీటర్లే. ఒళ్లంతా సన్నని చారలు.

ఆ సరస్సు ఇసుకలో నియోథౌమా అనే నత్తల గుల్లలు కుప్పలుగా పడి ఉంటాయి. నత్త మరణిస్తుంది, గుల్ల మిగులుతుంది. ఆ గుల్లయే ఈ చేపకు ఇల్లు, కోట, పురిటిగది. ఆడచేప గుల్లలోపల గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ వాకిట్లోనే పెరుగుతాయి. ఆడ, మగ, పిల్లలు కలిసి గుంపులుగా పక్కపక్క గుల్లలలో కాపురముంటాయి. గుల్లలు పూడిపోతే ఇసుకను నోటితో తీసి అవతల పోస్తాయి. అంతటి చిన్ననోటికి ఎన్ని రేణువులు పట్టును? అయినా గుంపు ఉన్నచోట ఇసుకలో పల్లం ఏర్పడి, పూడిన గుల్లలు బయటపడతాయి. తూకానికి రాని ఈ ప్రాణి తన ఊరిని తానే తవ్వి నిలుపుకొంటున్నది.

‘ఈ చేపను అక్వేరియంలలో ప్రపంచమంతటా పెంచుతున్నారు గదా, ఇక దిగులెందుకు?’ అని కొందరు అనవచ్చు. ఈ వాదం నాకు సమ్మతం కాదు. గాజుతొట్టిలో నాలుగు గుల్లలు వేస్తే చేప బ్రతుకుతుంది, నిజమే. తరతరాల నత్తలు విడిచిన గుల్లలు పరచుకొన్న ఆ నేలను తొట్టిలో ఎవరు పెంచగలరు?

ఆపద వచ్చినది ఆ నేలకే. చుట్టూ ఉన్న కొండవాలులపై అడవులు నరికిన చోట వానకు మట్టి కొట్టుకొనివచ్చి తీరం వెంట పేరుకొంటున్నది. ఇసుకను తోడగల చేప ఒండుమట్టిని ఎంతని తోడగలదు? పైగా టాంగనీకా లోతునీటిలో ప్రాణవాయువు ఉండదు. ఇంత పెద్ద సరస్సులో అడుగున బ్రతికే చేపలకు దక్కినది ఒడ్డు వెంట ఉన్న సన్నని పట్టీ మాత్రమే. నీరు వేడెక్కుతున్నకొద్దీ ఆ పట్టీ కుంచించుకుపోతున్నదని 2016లో పరిశోధకులు వెల్లడించారు.

సరస్సు రక్షణకు నాలుగు దేశాలు 2003లో ఒప్పందం చేసుకొన్నాయి. టాంజానియా 2024లో మూడు నెలలపాటు తన వైపు చేపలవేటను ఆపింది. మంచి పనే, ఒడ్డున ఎందరికో ఆ సరస్సు చేపలే ఆహారం, జీవనాధారం. అయితే వేటకు విరామం ఇవ్వవచ్చును గాని, కొండ దిగే మట్టికి సెలవులు ఉండవు. తినే చేపల లెక్కతోనే సరస్సు ఆరోగ్యాన్ని కొలవడం చాలదని నా అభిప్రాయం. వాలుపొలాలకు గట్లు కట్టడం, వాగుల వెంట చెట్లు నిలపడం వేటవిరామమంత ముఖ్యమైనవే. కొండరైతును దోషిగా నిలబెట్టి ప్రయోజనం లేదు. చేప ఇంట్లో చేరే మట్టి అతడు పోగొట్టుకొన్న పొలమే. ఆ గట్లకు, చెట్లకు అయ్యే ఖర్చులో ఈ చేపను వినోదానికి కొనుక్కొనే సంపన్న దేశాలు సైతం పాలు పంచుకోవాలి.