కొలవకుండా సెలీనియం మాత్రలు వద్దు

సెలీనియం శరీరానికి అత్యల్ప మోతాదులో మాత్రమే కావలసిన ఖనిజం. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 40 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పది లక్షవ వంతులు నలభై, సరిపోతాయి. కణాలను ఆక్సీకరణ నష్టం నుంచి కాపాడే కొన్ని ఎంజైములు దానిపై ఆధారపడి ఉన్న మాట నిజమే గాని, ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని, నడివయసు దాటిన మహిళలకు నీరసమన్నా, జుట్టు రాలుతోందన్నా, షుగరు వస్తుందేమోనన్న భయమున్నా సెలీనియం కలిసిన మల్టీవిటమిన్ మాత్రలు ఏ పరీక్షా లేకుండా అందించడం సమర్థనీయం కాదు. మోతాదు మితిమీరితే జుట్టును రాల్చేది కూడా సెలీనియమే.

అమెరికాలో 1,202 మందిపై సగటున ఏడున్నరేళ్లకు పైగా సాగి, 2007లో ఫలితాలు వెలువడిన పరిశీలనలో రోజుకు 200 మైక్రోగ్రాములు తీసుకున్నవారిలో 58 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 39 మందికి మధుమేహం వచ్చింది. రక్తంలో సెలీనియం ముందే ఎక్కువగా ఉన్నవారికి ముప్పు మరింత పెరిగింది. ఉత్తర ఇటలీలో ఏడు వేలకు పైగా మహిళలను పదహారేళ్లు గమనించిన అధ్యయనంలోనూ ఆహారం ద్వారా సెలీనియం ఎక్కువగా అందినవారే ఎక్కువగా మధుమేహం బారిన పడ్డారు. కాలిగోళ్లలోని సెలీనియాన్ని కొలిచిన ఒక అమెరికా అధ్యయనం ఇందుకు భిన్నమైన ఫలితం చూపింది కాబట్టి వాదం ముగిసిందనలేము. అయితే ముగియని వాదం మాత్ర అమ్మడానికి అనుమతిపత్రం కాజాలదు. ఇన్సులిన్ సంకేతం కణంలోకి చేరడానికి కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ అవసరమనీ, సెలీనియంపై ఆధారపడే ఎంజైములు మితిమీరితే దానినీ తుడిచివేస్తాయనీ శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ ఈ ముప్పుకు ఒక కారణాన్ని సూచిస్తోంది.

గుంటూరు ప్రాంతపు నల్లరేగడిని చూసి ఇక్కడి మహిళల సెలీనియం స్థాయిని ఊహించడం కూడా పొరపాటే. పంజాబ్‌లోని నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాలలో సెలీనియం మెండుగా ఉన్న పొలాల్లో పండిన గోధుమనే తిన్నందువల్ల నేలలోని దోషం గోళ్లలో, జుట్టులో బయటపడింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టలలో నేల పండించేది పత్తి, మిరప. అవి మిల్లుకూ మిర్చి యార్డుకూ పోతాయి, కంచంలోకి వచ్చే బియ్యం తరచూ డెల్టా నుంచో రేషన్ దుకాణం నుంచో వస్తుంది. జొన్న, సజ్జ వెనకబడిన చోట మట్టి పరీక్ష కంచం గురించి చెప్పగలిగేది తక్కువ. రక్తాన్నే కొలవాలి.

ఆ పనిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, గుంటూరు వైద్య కళాశాల కలిసి చేపట్టాలి. అంతవరకు వైద్యులు లోపం నిర్ధారణ కానిదే సెలీనియం రాయకూడదు. మాత్రలో అది ఎంత ఉందో అట్టపై తెలుగులో, పెద్ద అక్షరాలతో ముద్రించాలి. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చిన తరుణంలో మొదట అందవలసింది రక్తంలో చక్కెర పరీక్ష. తెల్లవారకముందే మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే కూలి మహిళకు పది గంటలకు తెరిచే పరగడుపు పరీక్షా శిబిరం అక్కరకు రాదు. ఉపవాసం అవసరం లేని, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షను కోతల కాలంలో సాయంత్రం వేళ ఊళ్లోనే ఉచితంగా చేయించడం వైద్య ఆరోగ్య శాఖ బాధ్యత.