నికితిన్ కొండను తవ్వకముందు చూడండి



అయిదు వందల ఏళ్లకు పూర్వం ఒక రష్యా వర్తకుడు శివరాత్రి జాతరకు శ్రీశైలం వచ్చాడు. పేరు అఫనాసీ నికితిన్. వోల్గా ఒడ్డున ఉన్న త్వేర్ అతని ఊరు. గుర్రం అమ్ముకుందామని బహమనీ రాజ్యానికి వచ్చి, బీదరులో స్నేహమైన హిందువుల వెంట యాత్రకు బయల్దేరాడు. తన రాతల్లో ఆ క్షేత్రాన్ని ‘పర్వత్’ అన్నాడు. అది మన శ్రీపర్వతమేనని చరిత్రకారులు గుర్తించారు. స్వామి ఎదుట నల్లరాతి నంది, దానిమీద బంగారు పూత, దాని గిట్టను ముద్దు పెట్టుకుని పూలు చల్లే జనం: ఇవన్నీ దగ్గరగా చూసి రాసుకున్నాడు.

ఆ మనిషి పేరు మోస్తున్న కొండ ఒకటి సముద్రంలో ఉంది. శ్రీలంకకు దక్షిణాన, భూమధ్యరేఖ దాటాక, దాదాపు 4,800 మీటర్ల లోతు నుంచి లేచి, పై నీటికి ఇంకా 1,200 మీటర్లు ఉందనగా ఆగిపోతుంది. పొడవు 400 కిలోమీటర్లు, వెడల్పు 150. విశాఖలో మొదలుపెడితే విజయవాడ దాటిపోయేంత కొండ. దాని రాళ్లమీద కోబాల్ట్, నికెల్, మాంగనీస్ కలిసిన నల్లని పొర పెచ్చులా పేరుకుని ఉంది. ఆ పొర పది లక్షల ఏళ్లకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. అక్కడ ఖనిజాన్వేషణకు హక్కు ఇవ్వమని మన ప్రభుత్వం 2024 జనవరిలో జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టింది.

అన్వేషణకు మేం అడ్డు చెప్పడం లేదు. ఆ కొండమీద ఏం బతుకుతోందో మన కళ్లతో చూసి, దేశానికంతటికీ చూపించాకే తవ్వకం మాట ఎత్తాలని అడుగుతున్నాం.

కొండ అంటే రాయే కదా అనుకోవద్దు. మా తీరంలో వేటకెళ్లే కుటుంబాలకు ఈ సంగతి తాతల నాటినుంచీ తెలుసు. అడుగున రాళ్లున్న చోట చేప చేరుతుంది. జీపీఎస్ లేని రోజుల్లో ఒడ్డునున్న కొండల్ని గురుతు పెట్టుకుని సరిగ్గా ఆ చోటికే తెప్ప తోలుకుపోయేవాళ్లు. సముద్రపు కొండ దగ్గర జరిగేదీ అదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. లోతు ప్రవాహం కొండకు కొట్టుకుని పైకి మళ్లుతుంది, దాంతోపాటు మేత పైకొస్తుంది. బురద నిలవని రాతికి పగడాలు, స్పంజికలు అతుక్కుంటాయి. వాటి కొమ్మల సందుల్లో పీతలు, చేపలు కాపురం పెడతాయి. హవాయి దగ్గర దొరికిన ఒక నల్ల పగడం వయసు నాలుగు వేల ఏళ్లు దాటింది. అది మొలిచేనాటికి మన అమరావతి స్తూపం లేదు, శాతవాహనులూ లేరు.

కాలిఫోర్నియా తీరంలో డేవిడ్‌సన్ అనే సముద్రపు కొండ ఉంది. 1933లోనే దాని పటం గీశారు. 2018 వరకు, అంటే 85 ఏళ్లపాటు, దాని పాదం దగ్గర ఏముందో ఎవరికీ తెలియలేదు. ఆ ఏడాది కెమెరా ఉన్న యంత్రాన్ని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దించారు. దీపం వెలుగులో ముత్యాలు పరిచినట్టు తెల్లగా, గుండ్రంగా ఏవో కనిపించాయి. దగ్గరికెళ్తే అవి ఆక్టోపస్ తల్లులు. ఒక్కొక్కటీ తలకిందులుగా రాతికి కరుచుకుని, చేతులు వెనక్కి మడిచి, ఒంటికింద గుడ్లు దాచుకుని ఉంది. చుట్టూ నీరు దాదాపు గడ్డకట్టేంత చల్లన. అవి కూర్చున్న రాతి పగుళ్లలోంచి మాత్రం కాస్త వెచ్చని నీరు ఊరుతోంది. ఆ వెచ్చదనానికి గుడ్లు త్వరగా పిల్లలవుతాయి. పిల్లలు బయటపడ్డాక తల్లి ప్రాణం విడుస్తుంది. వేల సంఖ్యలో ఉన్నాయి ఆ తల్లులు. పైనుంచి శబ్ద తరంగాలు పంపి గీసిన పటంలో ఒక్కటి కూడా కనబడదు. రాతి ముక్క తెచ్చి పరీక్షించినా తెలియదు. వెళ్లి చూస్తేనే తెలిసింది.

చూడకుండా దున్నితే ఏమవుతుందో కూడా తెలిసిన విషయమే. 1989లో జర్మనీ శాస్త్రవేత్తలు పెరూ దగ్గర పసిఫిక్ అడుగున, నాలుగు కిలోమీటర్ల లోతులో, పరీక్ష కోసం నేలను నాగలితో దున్నినట్టు దున్నారు. 26 ఏళ్ల తర్వాత, 2015లో, వెళ్లి చూస్తే చాళ్లు నిన్న వేసినట్టే ఉన్నాయి. మన పొలంలో వేసిన చాలు ఒక్క వానకు చెదిరిపోతుంది. అక్కడ వాన లేదు, వేరు లేదు, పూడ్చే చెయ్యి లేదు.

చూడటానికి మన దగ్గర వాహనం లేదా అంటే, తయారవుతోంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘మత్స్య 6000’ను కడుతోంది. 2.1 మీటర్ల టైటానియం గోళం, గోడ మందం 80 మిల్లీమీటర్లు, లోపల ముగ్గురు మనుషులు. ఆరు వేల మీటర్ల లోతున ఒక్క చదరపు సెంటీమీటరు జాగా మీద సుమారు ఆరు వందల కిలోల బరువు పడుతుంది. దాన్ని తట్టుకోవాలి. 2025 ఆరంభంలో కాట్టుపల్లి రేవులో దాన్ని నీళ్లలోకి దించి పరీక్షించారు. అదే ఏడాది ఆగస్టులో మనవాళ్లిద్దరు ఫ్రాన్స్ వారి ‘నాటీల్’లో అట్లాంటిక్‌లోకి దిగారు. ఒకరు నాలుగు వేలు, మరొకరు అయిదు వేల మీటర్లు దాటారు. ఛాతీ ఉప్పొంగే పని ఇది.

కానీ 2021లో కేంద్ర మంత్రివర్గం 4,077 కోట్లతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ కాగితాలు చూడండి. అందులో ఆరు భాగాలు. మనుషుల్ని దింపే వాహనాన్ని గనుల తవ్వకం యంత్రంతో కలిపి మొదటి భాగంలో పెట్టారు. జీవవైవిధ్యం మూడో భాగంలో, వేరుగా ఉంది. మేం మార్చమంటున్నది ఇక్కడే. మత్స్యను గనుల పద్దులోంచి తీసి జీవవైవిధ్యం పద్దులో రాయండి. నికితిన్ కొండమీదికి అది దిగిన ప్రతిసారీ ఆ ముగ్గురిలో ఒకరు జీవశాస్త్రవేత్త కావాలి. కొండ పాదం నుంచి శిఖరం దాకా జీవుల పటం పూర్తయి, దాన్ని అందరి ముందూ పెట్టేవరకు తవ్వే యంత్రాన్ని, పరీక్ష పేరుతో సైతం, దించకూడదు. కొండలో పెద్ద భాగాన్ని ఎప్పటికీ ముట్టుకోనిదిగా ముందే ప్రకటించాలి. జమైకా సమావేశాల్లో ముప్పైకి పైగా దేశాలు తవ్వకానికి విరామం అడుగుతున్నాయి. మన దేశం వాటి పక్కన నిలబడాలి.

కోబాల్ట్ లేకుండా బ్యాటరీలెలా అని అడుగుతారు. సబబైన ప్రశ్నే, మనం కోబాల్ట్‌ను బయటినుంచే కొనుక్కుంటున్నాం. అయితే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. అవి ఇప్పటికే మన రోడ్లమీద ఎలక్ట్రిక్ బస్సుల్లో తిరుగుతున్నాయి. కోట్ల ఏళ్ల రాతిని ఇంకో పదేళ్లు అలా ఉంచితే పోయేదేమీ లేదు.

చూసింది దాచకూడదు, ఇది మా రెండో కోరిక. 2025లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు మార్ దెల్ ప్లాతా దగ్గర సముద్రపు లోయలోకి కెమెరా దింపి, ప్రతి క్షణం ప్రత్యక్ష ప్రసారం చేశారు. వాళ్ల భాషలోనే, స్పానిష్‌లో, మాట్లాడుతూ చూపించారు. లక్షలమంది పనులు మానుకుని చూశారు. మనకు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. చేపలెక్కడున్నాయో మన పడవలకు తెలుగులో కబురు పంపే సంస్థ అది. మత్స్య లోతుకు దిగిన రోజున శ్రీకాకుళం బడిలో పిల్ల తెలుగులో వింటూ ఆ కొండను చూసేలా అదే సంస్థ ఏర్పాటు చేయగలదు.

మీరు చేయాల్సిన పని చిన్నది. ఒక పోస్టుకార్డు తీసుకోండి. ‘నికితిన్ కొండమీది జీవుల పటం ముందు చూపించండి, అప్పటిదాకా తవ్వకం వద్దు’ అని తెలుగులోనే రాయండి. కింద మీ పేరు, ఊరు పెట్టండి. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ, పృథ్వీ భవన్, లోధీ రోడ్, న్యూఢిల్లీ అని చిరునామా రాసి డబ్బాలో వేయండి. ఇంకో కార్డు మీ ఎంపీకి. బడిపిల్లల చేత రాయిస్తే, పక్కన ఒక ఆక్టోపస్ బొమ్మ కూడా వేయనివ్వండి.