జబ్బు బతుకంతా, మందు వారానికా?



ఒక లెక్క చెబుతాం, వినండి. మా వాడలో ఒక పెద్దమ్మకు షుగరు. కూలికి పోతే రోజుకు మూడొందలు. ముప్పై పడకల ఆసుపత్రిలో మాత్రలు ఉచితమే. కానీ వారానికి సరిపడానే చేతిలో పెడతారు. పోనూ రానూ ఆటోకు అరవై. పన్నెండు దాటితే ఓపీ చీటీ రాయరు గనక ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి మూడొందల అరవై. నెలకు నాలుగు సార్లు తిరిగితే 1,440 రూపాయలు. ఉచిత మందు ఖరీదు ఇదీ! అదే మాత్రలు షాపులో కొన్నా అంత కావు. పెద్దమ్మ తిరగడం మానేసింది. "మందు సరిగా వాడదు" అని ఆసుపత్రోళ్లు ఆమెకు పేరు పెట్టారు. మేం అడుగుతున్నాం: మందు వాడనిది ఆమెనా, మందు అందనియ్యనిది మీరా?

జ్వరం వస్తుంది, పోతుంది. షుగరు, ఆయాసం వచ్చాయంటే పోవు. కాటికి పోయేదాకా మనతోనే ఉంటాయి. అట్లాంటి జబ్బుకు మందు కూడా చివరిదాకా, మనిషికి దగ్గరలో, కూలి పోకుండా దొరకాలి. ఇది దయ కాదు, హక్కు.

కాగితాల మీద అన్నీ ఉన్నాయి. మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల మందికి, కొండల్లో, గిరిజన ప్రాంతంలో 80 వేల మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నారు. అదే మనం అనే ముప్పై పడకల ఆసుపత్రి. అందులో పెద్ద జబ్బులు చూసే ఫిజిషియన్ ఉండాలన్నారు. కేంద్ర ప్రభుత్వం 2021-22లో వేసిన సొంత లెక్కలోనే, దేశం మొత్తం మీద ఈ ఆసుపత్రుల్లో ఉండాల్సిన పది మంది ఫిజిషియన్లలో దాదాపు ఎనిమిది మంది లేరని తేలింది. షుగరు, బీపీ లాంటి జబ్బులకు 2010లో జాతీయ కార్యక్రమం పెట్టారు. 2023లో దాని పేరు మార్చారు. ముప్పై ఏళ్లు దాటినోళ్లందరికీ పరీక్ష అన్నారు. వేలు గుచ్చి నెత్తురు తీసి "నీకు షుగరుందమ్మా" అని చెప్పి పోవడం వైద్యమా? పేరు మారితే జబ్బు తగ్గుతుందా?

డాక్టరు గారు చెప్పే మాటలు చూడండి. "అన్నం తగ్గించు. పండ్లు తిను. పొద్దున్నే నడువు." తెల్లారకముందే లేచి, వంగిన నడుం ఎత్తకుండా నాట్లేసే మనిషికి నడకా! రేషన్ షాపు బియ్యం తప్ప ఇంకోటి దొరకని ఇంటికి పండ్లా! జొన్న, సజ్జ, రాగి పండిన చేలల్లో పత్తి, మిరప వేయించిందెవరు? సలహా రోగికి కాదు, రేషన్ షాపుకు చెప్పండి. జొన్నలు, రాగులు అక్కడ ఇప్పించండి.

ఇంకో మాట. షుగరు మనిషికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. ముల్లు దిగినా తెలియదు. పుండు ముదిరి కాలు తీసేదాకా వస్తుంది. అందుకే వైద్య శాస్త్రమే చెబుతోంది: షుగరు మనిషి పాదం పట్టుకుని చూడాలని. మా వాడ మనుషుల పాదం ఎన్నిసార్లు పట్టి చూశారు? బల్లకు అవతల కూర్చుని, మొహం ఎత్తకుండా చీటీ రాసి పంపడమే గదా జరిగింది! ఊరందరికీ చెప్పులు కుట్టిన చేతులు మావి. మా కాళ్లకు చెప్పుల్లేవు. ఆ కాలిని ముట్టుకోవడానికి మీకు ఇప్పటికీ చేతులు రావడం లేదంటే, అది జబ్బు కాదు, కులం.

ఆయాసం సంగతి అంతకన్నా ఘోరం. మార్కాపురం పలకలు దేశమంతా బడిపిల్లల చేతుల్లోకి పోయాయి. చీమకుర్తి గ్రానైటు ఓడలెక్కింది. ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయింది? రాయి కోసినోళ్ల, పలుగురాయి పొడి కొట్టినోళ్ల ఊపిరితిత్తుల్లోకి. పత్తి మిల్లులో దూది దుమ్ము, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ మన ఆడోళ్ల ఎదలోకి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఎక్స్‌రేలో అది టీబీ లాగే కనబడుతుంది. రెండూ కలిసి రావడం కూడా ఉంది. అందుకే టీబీ మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తారు. "ఏం పని చేస్తావు?" అన్న ఒక్క మాట అడగరు. అడిగితే రాయాలి. రాస్తే యజమాని డబ్బు కక్కాలి. 1948 ఫ్యాక్టరీల చట్టమే ఈ జబ్బును ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. గుజరాత్ రాతిపొడి మిల్లుల్లో పని చేసి చచ్చిపోయిన 238 మంది కుటుంబాలకు తలా మూడు లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాజస్థాన్ 2019లో ఈ జబ్బు కోసమే ఒక విధానం తెచ్చింది. కానీ చీటీ మీద జబ్బు పేరే పడకపోతే ఏ కోర్టు తీర్పూ మన గడప తొక్కదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. దాంతో బతికినోళ్లున్నారు, కాదనం. కానీ దాని తీరు గమనించండి. కిడ్నీ చెడిపోయాక డయాలిసిస్‌కు డబ్బుంది. కిడ్నీ చెడకుండా కాపాడే ఇన్సులిన్ అడిగితే "స్టాకు లేదు, బయట కొనుక్కో". ఆ ఇన్సులిన్‌ను కనిపెట్టినోళ్లు దాని పేటెంటును 1923లో ఒక్క డాలరుకు టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు, లోకానికంతా అందాలని. వందేళ్లు దాటినా అది మన వాడకు రాలేదు. బాబాసాహెబ్ కూడా షుగరుతోనే చివరి ఏళ్లు గడిపారు. కాళ్ల నొప్పులు పీకుతున్నా రాజ్యాంగం పని ఆపలేదు. ఆ రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో ఈ మందు సీసా లేదా?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. నెలకు సరిపడా మందు ఒక్కసారే ఇవ్వాలి. అది మన ఊరి సబ్‌సెంటర్‌లోనే దొరకాలి. ఆయాసం మనుషులకు గొట్టంలో ఊది చూసే పరీక్ష, పీల్చే మందు ముప్పై పడకల ఆసుపత్రిలో ఉండాలి. వారానికి ఒక్క రోజైనా కూలి దిగాక, సాయంత్రం ఓపీ నడపాలి. ప్రతి ఆయాసం చీటీ మీద చేసే పని రాయాలి. ప్రతి షుగరు మనిషి పాదం చూడాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మన వాడ ఆడమనిషి కూర్చోవాలి.

సంఘం కార్యకర్తలారా! వాడలో షుగరు, ఆయాసం మనుషుల పేర్లు, చేసిన పని, చేసిన ఏళ్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఒంటరిగా పోవద్దు, పది మందిగా పోండి. మందు లేదంటే ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టమనండి. సంతకం పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మందుల స్టాకు రిజిస్టరు నకలు అడగండి. మందు మానెయ్యొద్దు, కానీ ఊరుకోవద్దు.

మన ఊపిరితో మేడలు కట్టుకున్నారు. ఆ ఊపిరి మనం తిరిగి అడుగుతున్నాం.

జై భీం!