బాలుని చేతిలో చలనచిత్రము

ప్రాథమిక పాఠశాలలో సెల్‌ఫోను పేరెత్తగానే ఉపాధ్యాయలోకము రెండుగా చీలుచున్నది. అది చదువును చెఱచు పిశాచమని కొందఱు, సర్వవిద్యలనిచ్చు కల్పవృక్షమని కొందఱు. ఉభయులును యంత్రమును చూచుచున్నారే కాని, అది ఎవరి చేతిలో నున్నది, దానితో ఏమి చేయుచున్నారు అని విచారించుట లేదు.

తెరపై పాఠము తెలుగు పల్లెకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ ప్రసారములు జరిగినవి. ఆంధ్రప్రదేశ్ అందొకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చెడివి. ఆ యత్నము గొప్పదే. కాని అందు బాలుడు ప్రేక్షకుడు మాత్రమే. పాఠము ఆకాశమునుండి దిగెడిది. అతని ప్రశ్నకు తెర బదులు పలుకదు. అర్ధశతాబ్ది గడచినది, తెర అఱచేతిలోనికి వచ్చినది. అయినను పెక్కు తరగతులలో బాలుడింకను ప్రేక్షకుడుగనే యున్నాడు.

ఆ స్థితి మాఱవలెను. స్టాప్ మోషన్ స్టూడియో వంటి సులభమైన యాప్‌లు విడివిడి ఛాయాచిత్రములను వరుసగా కూర్చి చలనచిత్రముగా నడపును. విత్తనము మొలకెత్తుటయే పాఠముగా తీసికొనవచ్చును. తడిగుడ్డపై నాలుగు పెసలు వేసి, సుద్దముక్కతో గుర్తు పెట్టిన చోటనే ఫోను నిలిపి, గంటకొక బొమ్మ చొప్పున దినమునకు 6 బొమ్మలు తీసినచో 5 దినములకు 30 అగును. సెకనుకు 5 చొప్పున నడపినచో 6 సెకనుల చిత్రము. అందు ప్రతి ఉదయమునను మొలక ఒక్క గంతు వేసినట్లు కనబడును. ఏల? రాత్రి బొమ్మలు తీయలేదు కాన. బడి మూసినను మొక్క పెరుగుట మానలేదని బాలుడు తానుగా కనుగొనును. ఈ యెఱుక ఎవరో తీసి యిచ్చిన వీడియోను చూచుటచే లభించునది కాదు.

భాషాపాఠమును ఇందే యున్నది. 6 సెకనులలో పది పండ్రెండు మాటలకు మించి పట్టవు. ఏ మాట ఉంచవలెను, ఏ మాట తీసివేయవలెను? ముందు కాగితముపై వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసి, చదివి చూచుకొనక తప్పదు. నలుగురిలో నోరు విప్పని పిల్ల, తన గొంతును తానే విని, తప్పు దిద్దుకొని, మఱల చెప్పును. ఆ మాట శ్రీకాకుళపు యాసలో నున్నను, పాలమూరు యాసలో నున్నను దానిని పరిహసింపరాదు. వ్రాతను ప్రక్కకు నెట్టు వీడియో బడికి తగదు. వ్రాతకు పని కల్పించునదే తగినది.

ఇంటింట ఫోను లేని పిల్లల మాటేమి యని అడుగుట న్యాయమే. దీనికి తరగతికొక ఫోను చాలును. ఒకడు వస్తువు నమర్చును, ఒకతె బొమ్మ తీయును, ఒకడు లెక్క వ్రాయును, ఒకతె మాట చెప్పును. ఆ ఒక్క ఫోనును లేనిచోట, నోటుపుస్తకపు అంచున బొమ్మలు గీసి పుటలు చఱచఱ విడిచినను మొక్క పెరుగును.

భయపడవలసినవి వేఱు రెండు కలవు. మొదటిది ప్రదర్శనవ్యామోహము. పిల్లల ముఖములను ఊరందఱకు పంచుట విద్య కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. విత్తనము, చేయి, గొంతు ఉన్న చిత్రమునకు ముఖముతో పని లేదు. అది తరగతి దాటి పోవలసిన పనియు లేదు. రెండవది ఉత్తరువు. హాజరునకొక యాప్, భోజనమునకొక యాప్ నింపుటలోనే ఉపాధ్యాయుని పూట గడచుచున్నది. బడికి ఇన్ని వీడియోలు పంపవలెనను ఆజ్ఞ వచ్చిననాడు, బాలుని పనిని ఉపాధ్యాయుడే రాత్రి కూర్చుండి ముగించును. లెక్క నిండును, చదువు మిగులదు.

కావున అధికారులు దీనిని లెక్కకు గుఱిచేయకుందురు గాక. ఉపాధ్యాయులు మాత్రము ఆజ్ఞకై వేచియుండనక్కఱలేదు. సోమవారము నాలుగు పెసలు, ఒక తడిగుడ్డ చాలును. శుక్రవారము సాయంకాలమునకు పిల్లలు తాము చేసినదానిని తామే చూచి, రాత్రి ఏమి జరిగినదని అడుగుదురు.